మందుల చదువూ, అద్దె పట్టాలూ

మా నాన్న కంపౌండరు. కాలేజీలో చదివే రోజుల్లో ఈ మాట చెప్పుకోవటానికి సిగ్గుపడ్డాను గనక, ఇప్పుడు మొట్టమొదటనే చెప్పేస్తున్నాను. మా వూళ్ళో ఒక ఎల్.ఎం.పి. డాక్టరుగారి దగ్గర ఆయన ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. పొద్దున్నే గది వూడ్చేదీ ఆయనే, డాక్టరుగారి సైకిలు తుడిచేదీ ఆయనే. ఎనిమిది దాటాక కల్వం ముందు కూచుని పొడులు నూరి పొట్లాలు కట్టేదీ ఆయనే. రోగులు ఇంటినుంచి తెచ్చుకున్న సీసాల్లో మిక్స్చరు పోసి, మోతాదు తెలియటానికి ఒక కాగితం ముక్కను గాట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. ఆరు గాట్లకు ఆరు మోతాదులు. అక్షరం రానివాళ్ళకు కూడా ఆ కాగితం అర్థమయ్యేది. అంతటితో వదిలేవాడు కాదు. "ఏం తల్లీ, ఎప్పుడెప్పుడు తాగుతావో నువ్వు చెప్పు" అని అడిగి, ఆమె సరిగా చెప్పిందాకా సీసా చేతికి ఇచ్చేవాడు కాదు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు.

1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. మొదటి రిజిస్టరు తయారుచేసేటప్పుడు, అయిదేళ్ళకు తక్కువ కాకుండా మందులు కలిపిన అనుభవం వున్నవాళ్ళకు కూడా అందులో చోటివ్వవచ్చునని ఆ చట్టంలో వుంది. ఆ దారిన మా నాన్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అయ్యాడు. కాగితం వచ్చినప్పుడు దానికి పటం కట్టించాడు. జీతం మాత్రం పెరగలేదు, చీపురూ చేతిలోంచి పోలేదు.

ఇంత కథ ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య రిటైరయిన ఫార్మసిస్టులం కొందరం ఒకచోట కలిసినప్పుడు కాలేజీల సంగతి మాటల్లోకి వచ్చింది. "వీధికొక ఫార్మసీ కాలేజీ పెట్టి మన వృత్తిని బజారుపాలు చేశారు. మనం పదిమందిమి వున్నప్పుడు మనకొక విలువ వుండేది" అన్నాడు, నాకంటె రెండేళ్ళు పెద్దవాడయిన ఒక మిత్రుడు. అందరూ తలలూపారు. నేనూ వూపాను. ఇంటికి వచ్చి మంచమెక్కిన తర్వాత గాని ఆ మాట గుచ్చుకోలేదు. మనం పదిమందిమి వున్నప్పుడు మనకు ఏం విలువ వుండేది?

నేను విశాఖపట్నంలో చదివి 1974లో బి.ఫార్మసీ పట్టా పుచ్చుకున్నాను. మన దేశంలో ఈ చదువును విశ్వవిద్యాలయానికి ఎక్కించినవాడు మహదేవలాల్ ష్రాఫ్. 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాడు. ఆయన దృష్టి మన మందులు మనమే తయారుచేసుకోవటం మీద వుంది. విదేశీ సీసాల మీద బతుకుతున్న దేశానికి అది సరైన దృష్టే. అంచేత మా చదువంతా రసాయనశాల వైపు మొగ్గి వుండేది. బిళ్ళ ఎట్లా ఒత్తాలో, సూదిమందు ఎట్లా శుద్ధిచేయాలో నేర్పారు. ఆ బిళ్ళను ఒక ముసలమ్మ చేతిలో పెట్టి ఏమని చెప్పాలో ఎవరూ నేర్పలేదు. అది మా నాన్నకు తెలుసు. కాని నాన్న దగ్గర నేర్చుకోవలసింది వున్నదని పట్టభద్రుడికి తోచదు గదా!

అప్పట్లో మాకందరికీ ఒకటే కల. సోవియట్ సహాయంతో హైదరాబాదు పక్కన బాలానగరంలో కట్టిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో పని దొరకాలని. నాకు దొరకలేదు. రెండేళ్ళు ఖాళీగా తిరిగాను. ఆ రెండేళ్ళలో ఒక మందుల షాపు యజమాని మా ఇంటికి వచ్చి, నా సర్టిఫికెట్ తన షాపులో పెట్టుకోనిస్తే నెలకు అరవై రూపాయలు ఇస్తానన్నాడు. నేను షాపుకు రానక్కర్లేదు. తనిఖీకి మనిషి వస్తున్నాడని కబురు వచ్చిననాడు మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి కూచోవాలి. ఒప్పుకున్నాను. 1976లో ప్రభుత్వాస్పత్రిలో వుద్యోగం వచ్చిందాకా ఆ అరవై రూపాయలూ పుచ్చుకున్నాను. మా నాన్న ఈ సంగతి తెలిసి ఏమీ అనలేదు. తన పటం వంక చూసి వూరుకున్నాడు.

కాబట్టి మిత్రుడు చెప్పిన మాట నిజం కాదు. మేము పదిమందిమి వున్నప్పుడు కూడా షాపువాడికి కావలసింది మా పేరే, మేము కాదు. అరుదైన సరుకు గనక అద్దె కాస్త గట్టిగా పలికేది, అంతే.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. వుమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు పుట్టినట్టే ఫార్మసీ కాలేజీలూ పుట్టాయి; చాలాచోట్ల పెట్టినవాళ్ళు కూడా వాళ్ళే. 1970 నాటి పేటెంటు చట్టం అండతో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరువుల చుట్టూ మందుల కర్మాగారాలు వెలిశాయి గదా, పిల్లలకు పని దొరుకుతుందన్న ఆశ వట్టిది కాదు. అప్పట్లో ఎంసెట్‌లో లెక్కల పిల్లలూ రాగలిగేవారు, జీవశాస్త్రం పిల్లలూ రాగలిగేవారు. ఎం.బి.బి.ఎస్. సీటు రానివాడికి ఇది ఓదార్పు. 2008లో ఫీజు రీయింబర్సుమెంటు విస్తరించిన తర్వాత ఇక అడ్డే లేకపోయింది.

ఆ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను కలవను. మిరపకాయల కోతకు పోయే కూలితల్లి కూతురు తెల్లకోటు తొడుక్కుని బ్యూరెట్టు పట్టుకోవటం నేను కళ్ళారా చూశాను. మా తరంలో ఆ పిల్ల ఆ గడప తొక్కగలిగేదా? అయితే ఆ డబ్బు పిల్లల తలలు లెక్కపెట్టి యాజమాన్యానికి చేరేది. తల వుంటే చాలు, తలలోకి ఏం పోయిందన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

ఇందులో నా పాలు నేను చెప్పుకోవాలి. డి.ఫార్మసీ పిల్లలు పట్టా చేతికి రావాలంటే ఆస్పత్రిలోనో షాపులోనో మూడు నెలలకు తక్కువ కాకుండా, 500 గంటలు పనిచేయాలి. అందులో 250 గంటలు డాక్టరు చీటీ చూసి మందు ఇచ్చే పనిలోనే గడపాలి. చాలా మంచి నిబంధన. మా ఆస్పత్రికి మొదట్లో ఏడాదికి నలుగురు వచ్చేవారు. కౌంటరు వెనక నిలబెట్టి నాకు తెలిసింది చెప్పేవాణ్ణి. 2008 తర్వాత నలభైమంది రాసాగారు. ఆ కిటికీ వెనక నలభైమంది నిలబడటానికి చోటెక్కడిది? "సార్, రేపటినించి రాము, సంతకం పెట్టండి" అని ఫారాల కట్ట ఒకడు తెచ్చేవాడు. మొదట కోప్పడ్డాను. తర్వాత విసుగెత్తింది. ఆ తర్వాత సంతకం పెట్టాను. ఒక్కరోజు కూడా చీటీ ముట్టని పిల్లవాడు 250 గంటలు మందులిచ్చాడని నా చేతివ్రాతతో వుంది. ఎన్ని ఫారాల మీద పెట్టానో లెక్క రాసుకోలేదు.

2010లో రిటైరయ్యాక ఒక కాలేజీవారు పిలిచి డి.ఫార్మసీ పిల్లలకు పాఠం చెప్పమన్నారు. యాజమాన్యానికి బియ్యం మిల్లులు వుండేవి. మనిషి చెడ్డవాడు కాదు, మిల్లును నడిపినట్టే కాలేజీని నడిపాడు. నాలుగేళ్ళు పనిచేశాను. ఇన్‌స్పెక్షన్ వస్తున్నదంటే అక్కడ పెళ్ళిసందడి. ముందురోజు రాత్రి అక్కకాలేజీనించి వ్యానులో పుస్తకాలు దిగేవి. మర్నాడు సాయంత్రం తిరిగి ఎక్కేవి. మందు మొక్కల తోట వుండాలి గదా, నర్సరీనించి కుండీలు వచ్చేవి. తులసి, అడ్డసరం, నేలవేము, సర్పగంధి. ఒకసారి తోటమాలి చీటీలు తారుమారు చేసి అడ్డసరానికి సర్పగంధి పేరు తగిలించాడు. చూడవచ్చిన పెద్దమనుషులు ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టిన పిల్ల ఒకతె నవ్వాపుకోలేక బయటికి పోయింది. నేర్పటానికి ఒక మాదిరి మందుల షాపు కూడా వుండాలి. అద్దాల బీరువాలో ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు. నెలజీతం ఇక్కడ పుచ్చుకోని అధ్యాపకులు ఆ ఒక్కరోజూ కుర్చీల్లో కూచుని, హాజరు పుస్తకంలో గత మాసాల సంతకాలు చేసి, భోజనం చేసి పోయేవారు. పిల్లలు ఇదంతా చూస్తూ వుండేవారు. వాళ్ళకు మేము నేర్పిన మొదటి పాఠం అదే: మనిషి లేకపోయినా ఫరవాలేదు, కాగితం వుండాలి. ఆ పాఠం వాళ్ళకు బాగా వంటబట్టింది.

ఇక 2022 చలికాలంలో జరిగిన సంగతి. మా చిన్నవదినెకు కీళ్ళవాతం. పట్నంలో పెద్ద డాక్టరు చూసి మెథోట్రెక్సేట్ బిళ్ళ వారానికి ఒకటీ, ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ తక్కిన రోజుల్లో రోజుకొకటీ రాశాడు. (ఈ రెంటికీ మన తెలుగువాళ్ళతో ఒక చుట్టరికం వుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించినప్పుడే ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌నూ, దానికి ఎదురు పనిచేసే ఈ జాతి మందులనూ తయారుచేసింది.) రెండూ పసుపుపచ్చని చిన్న బిళ్ళలే. మా వూరి బస్టాండు దగ్గర షాపులో కౌంటరు మీద వున్న కుర్రవాడు కవర్ల మీద తారుమారుగా రాసి ఇచ్చాడు. వారానికొకటి మింగవలసింది ఆవిడ రోజూ రాత్రి అన్నం తిన్నాక మింగింది. తొమ్మిదో రోజుకు నోరంతా పుండ్లు, జ్వరం. వేడిచేసిందనుకుని మజ్జిగ తాగింది. పన్నెండో రోజున మా అన్నయ్య నాకు ఫోను చేశాడు. కవరు మీద ఏం రాసి వుందో చదవమన్నాను. చదివాడు. నా చేతులు చల్లబడ్డాయి.

నెత్తురు పరీక్షలో కణాలు పడిపోయినాయని తేలింది. విరుగుడు సూదిమందులు ఇచ్చి, రెండువారాలు ఆస్పత్రిలో వుంచి బతికించారు. ఆవిడ ఇప్పటికీ ఏ బిళ్ళ చేతిలో పెట్టినా నా వంక చూస్తుంది.

ఆవిడ గండం గడిచాక నేను ఆ షాపుకు పోయాను. కుర్రవాడు ఇంటర్ తప్పాడు. రెండేళ్ళుగా అక్కడ పని. వాడిమీద అరవటానికి నోరు తెరిచి, వెనక గోడ వంక చూశాను. లైసెన్సు పక్కన పటం కట్టిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దానిమీద వున్నది అడ్డసరాన్ని చూసి నవ్విన పిల్ల పేరు.

మంచి చదువరి. డి.ఫార్మసీ అయ్యాక ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో సంవత్సరంలో చేరి, 2016లో పూర్తిచేసింది. ఎప్పుడో పండక్కి వచ్చి కనిపించినప్పుడు హైదరాబాదులో వున్నానని చెప్పిందని జ్ఞాపకం. ఫోను చేశాను. మెడికల్ కోడింగు చేస్తున్నదట. అంటే అమెరికాలో రోగులకు వచ్చిన జబ్బులకూ, చేసిన చికిత్సలకూ ఇన్సూరెన్సు బిల్లుల కోసం అంకెలు వేసే పని. జీతం 18 వేలు. షాపువాడు ఆమె సర్టిఫికెట్‌కు నెలకు 2,500 ఇస్తాడు. "ఆ డబ్బుతో తమ్ముడి హాస్టలు ఖర్చు వెళ్ళిపోతుంది సార్. మా అమ్మ యార్డుకు పోవటం మానేసింది, నడుం పనిచేయటం లేదు" అంది. నేను మా వదినె సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను వుంటే అట్లా జరిగేది కాదు సార్" అంది. అందులో గొప్ప లేదు, సంజాయిషీ కూడా లేదు. అది వున్న మాట.

ఆమెను తిట్టటానికి నాకు అర్హత లేదు. నా అరవై రూపాయల సంగతి చెప్పాను. "అప్పుడు కూడానా?" అని ఆశ్చర్యపోయింది.

చట్టం లేదనటానికి వీల్లేదు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివాడు డాక్టరు చీటీమీద మందు ఇవ్వరాదని ఫార్మసీ చట్టం 42వ సెక్షను చెబుతుంది. ఫార్మసిస్టు స్వయంగా దగ్గరుండాలని 1945 నాటి మందుల నిబంధనల్లో 65వది చెబుతుంది. రోగితో మాట్లాడి మందు సంగతి వివరించాలని 2015 నాటి వృత్తి నిబంధనలు కూడా చెబుతున్నాయి. మా నాన్న సీసా చేతికివ్వకుండా చేసిన పనే అది; ఇప్పుడు దానికి కౌన్సెలింగు అని పేరు. లేనిదల్లా ఆ పనికి కూలి. మన దేశంలో మందుల షాపుకు వచ్చే రాబడి అంతా సరుకు మీద లాభమే. ధర నియంత్రణలో వున్న మందులకు చిల్లర వర్తకుడి వాటా 16 శాతమని 2013 నాటి ధరల వుత్తర్వు లెక్కగడుతుంది. "ఈ బిళ్ళ రోజూ కాదమ్మా, వారానికొకటి" అని చెప్పినందుకు ఎవరూ ఒక్క పైసా ఇవ్వరు. పైగా ఎదుటి షాపువాడు ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు కట్టాడు. ఆ తగ్గింపు ఎక్కడినుంచి రావాలి? ఫార్మసిస్టు జీతంలోంచే వస్తున్నది.

ఈ పునాదిని అట్లాగే వుంచి సీట్లు పెంచినా ఒకటే, తగ్గించినా ఒకటే. కొత్త కాలేజీలు చాలించాలని ఫార్మసీ కౌన్సిల్ 2019లో నిశ్చయించి, 2020-21 నుంచి అయిదేళ్ళు అనుమతులు ఆపింది. కాలేజీలవారు కోర్టుకెక్కారు. చట్టం ద్వారా తప్ప వట్టి పరిపాలనా వుత్తర్వుతో అట్లా ఆపటం చెల్లదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. మా మిత్రులు ఆ తీర్పును తిట్టిపోశారు. నాకు మాత్రం, ఆ అయిదేళ్ళూ ఆపివున్నా మా వూరి కౌంటరు వెనక ఆ కుర్రవాడే వుండేవాడనిపిస్తుంది. 2008లోనే ఆరేళ్ళ ఫార్మ్.డి. చదువు కూడా తెచ్చారు, ఆస్పత్రి వార్డుల్లో డాక్టరు పక్కన నిలబడి మందులు సరిచూసేవాళ్ళు కావాలని. చదివిన పిల్లలు వచ్చారు. ప్రభుత్వాస్పత్రుల్లో వాళ్ళకు తగ్గ పోస్టులు వెదికితే గాని కనపడవు.

ఫార్మసిస్టులు ఎక్కువయ్యారంటున్నారు. ఎవరికి ఎక్కువయ్యారు? మైదాన ప్రాంతంలో 30 వేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దానికి ఒక ఫార్మసిస్టు పోస్టు. ఆ ఒక్కడూ సెలవు పెట్టిననాడు నర్సు ఇస్తుంది, ఆమెకు తీరకపోతే అటెండరు ఇస్తాడు. అటెండరు ఇచ్చిన మందు తీసుకుని పోయే జనం, అంకెలు వేసుకుంటూ హైదరాబాదులో కూచున్న మా పిల్ల, ఈ ఇద్దరూ ఒకరికొకరు అక్కర్లేనివాళ్ళా? ఒకచోట కరువు, ఒకచోట కుప్ప. ధాన్యం విషయంలో ఈ వింతను మనం ఎప్పుడో గుర్తుపట్టాం. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పు గింజదంటున్నాం.

మందుల తనిఖీ అధికారికి అర్జీ పెట్టమని మా అన్నయ్య పట్టుబట్టాడు. రాశాను. అర్జీ పోతే లైసెన్సు మీద చర్య వస్తుంది, కుర్రవాడి పని పోతుంది. అన్నిటికంటె ముందు రిజిస్టరులో ఆ పిల్ల పేరుకు ముప్పు. గోడమీద పేరున్నది ఆమెది, దోషి ఆమే. ఫారాల మీద సంతకాలు చేసిన నన్ను ఎవరూ అడగరు. అంచేత అర్జీ చింపకుండా, పంపకుండా, ముందు షాపు యజమానితో మాట్లాడదామని మళ్ళీ పోయాను.

ఆయన మర్యాదస్థుడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మా వదినె ఆస్పత్రి ఖర్చులో సగం తాను పెట్టుకుంటానన్నాడు. ఆ డబ్బు సంగతి మా అన్నయ్యతో తేల్చుకోమని, నేను వచ్చింది వేరే పనిమీదనని చెప్పాను. ఆ పిల్లను జీతమిచ్చి కౌంటరులో కూచోబెట్టమన్నాను.

"ఎంతివ్వాలండీ?" అన్నాడు.

"ఆమెకు అక్కడ 18 వేలు వస్తున్నాయి."

ఆయన లెక్కల యంత్రం తీసి ఏదో కొట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "మాష్టారూ, ఈ కుర్రాడికి ఎనిమిది వేలు. సర్టిఫికెట్‌కు రెండున్నర. మొత్తం పదిన్నర. ఆ అమ్మాయి వస్తానంటే ఆ పదిన్నరా ఆమెకే ఇస్తాను. పొద్దున తొమ్మిదినించి రాత్రి పదిదాకా వుండాలి. కుర్రాణ్ణి పంపించేస్తాను" అన్నాడు. కుర్రవాడు అక్కడే, బీరువా పక్కన నిలబడి వింటున్నాడు.

ఆ రాత్రి ఆమెకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తొమ్మిదినించి పదిదాకానా అని రెండుసార్లు అడిగింది. అమ్మను దగ్గరుండి చూసుకోవచ్చు అనుకున్నదేమో, కాదని వెంటనే అనలేదు. ఆ కుర్రవాడు ఎక్కడికి పోతాడని అడిగింది. నాకు తెలియదన్నాను. సంక్రాంతికి వస్తాను సార్, అప్పుడు మాట్లాడదాం అంది. సంక్రాంతికి సెలవు దొరకలేదు.